గట్టు మీది మిడత: గోదావరి డెల్టా వరిసాగులో ఋజుపక్ష కీటకాలు – పేర్లు, జీవనం

వ్యాససంగ్రహం:

మిడతలు, కీచురాళ్లు, దండుమిడతలు ఒకే కీటకక్రమానికి చెందినవి. శాస్త్రంలో ఆ క్రమం పేరు ఆర్థాప్టెరా. 'నిటారు రెక్కలు గలవి' అన్న అర్థాన్ని బట్టి తెలుగులో దీనిని ఋజుపక్ష క్రమం అనవచ్చు. మిడత అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది పైరును ఊడ్చిపెట్టే దండు. గోదావరి డెల్టాలో పరిస్థితి వేరు. ఇక్కడి ఋజుపక్ష కీటకాల జీవితం పొలం గట్టుతోను, సార్వా, దాళ్వా పంటల వరుసతోను, కాలువ నీటి రాకపోకలతోను పెనవేసుకొని ఉంది. వాటిలో వరిని తినేవి ఉన్నాయి, వరిని తినే పురుగుల గుడ్లను తినేవీ ఉన్నాయి. ఈ తేడాను మన పేర్లు ఎంతవరకు పట్టుకున్నాయి, గట్టును చూసే తీరు మారుతున్నకొద్దీ ఈ కీటకాల సంగతి ఏమవుతుంది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: మిడత, కీచురాయి, ఇలకోడి, ఈతిబాధలు, సార్వా, దాళ్వా, గట్టు, మిత్రకీటకాలు.

1. ఉపోద్ఘాతం

2020 మే నెలలో ఎడారి మిడతల దండ్లు రాజస్థాన్ దాటి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లోకి వచ్చాయి. నాగపూర్, అమరావతి ప్రాంతాల వరకు చేరాయన్న వార్తతో తెలంగాణ ప్రభుత్వం మహారాష్ట్ర సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు మొక్కల మీద గుంపులుగా కూర్చున్న మిడతలు కనిపించి, దండు ఆంధ్రదేశంలోకి దిగిందన్న ప్రచారం జరిగింది. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలోనూ అదే కలవరం. పరిశీలిస్తే అవి ఎడారి మిడతలు కావు, పసుపు, నీలం చారలతో మెరిసే జిల్లేడు మిడతలు. శాస్త్రనామం పోయికిలోసెరస్ పిక్టస్. జిల్లేడుపాలలోని విషపదార్థాలను ఒంట్లో దాచుకొని, పట్టుకోబోతే చిమ్మే ఈ జీవి మనకు కొత్తది కాదు. ఊరి బయట జిల్లేడు ఉన్నంత కాలంగా ఇదీ ఉంది.

ఆ భయాన్ని పరిహసించడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. భయానికి మూలం కొంత భాషలోనే ఉంది. ఆంగ్లంలో దండు కట్టే మిడతకు ఒక పేరు, కట్టని మిడతకు మరొక పేరు ఉన్నాయి. తెలుగులో రెండింటికీ మిడతే. ఆ ఒక్క మాట వెంట ఈతిబాధల నాటి జ్ఞాపకం కూడా నడిచి వస్తుంది. రాయదుర్గంలో ఆ పొరపాటు కొద్ది రోజుల కలకలంతో పోయింది. వరి తప్ప వేరు ఆధారం లేని డెల్టా రైతు అదే పొరపాటు చేస్తే పైరు మీద మందు పడుతుంది. అందువల్ల ఈ చర్చను డెల్టాకు తీసుకురావడం అవసరమనిపించింది.

2. పేర్ల చిక్కు

ప్రాచీనులు రాజ్యానికి వచ్చే ఉపద్రవాలను ఆరుగా లెక్కించి ఈతిబాధలన్నారు. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, చిలుకలు, పొరుగు రాజులతో పాటు అందులో శలభాలూ ఉన్నాయి. అక్కడ శలభం అంటే పైరు మీద పడే మిడత. అదే శలభం కావ్యభాషలో దీపశిఖలో పడి మాడే పురుగు కూడా. శాస్త్రం ప్రకారం ఈ రెండూ చాలా దూరపు జాతులు. దీపంలో పడేది సీతాకోకచిలుక కుటుంబానికి దగ్గరిది, పైరు తినేది ఋజుపక్ష క్రమానికి చెందినది. ఆధునిక తెలుగులో శలభం దాదాపు దీపం పురుగుగానే స్థిరపడింది. కాబట్టి పాత గ్రంథాల్లోని శలభాన్ని వివరించేటప్పుడు సందర్భాన్ని చూడకుండా అర్థం చెప్పడం ప్రమాదం.

మిడత అన్న మాట దేశ్యం. కన్నడంలో మిడితె. 'మిడిసిపడు' అన్న క్రియలోని ఎగిరిపాటు ఈ పేరులోనూ ఉందని నా అభిప్రాయం. వెనుక కాళ్ల బలంతో చివాలున లేచే పురుగుకు అంతకంటె తగిన పేరు దొరకదు. ఈ మాటకు మన జానపద కథల్లో చక్కని ఉనికి ఉంది. జ్యోతిషం రాకుండానే జ్యోతిష్కుడైన మిడతంభొట్లు, రాజు పిడికిట్లో ఏముందో చెప్పమంటే, తన పని అయిపోయిందనుకొని తనను తానే పేరు పెట్టి నిట్టూరుస్తాడు. రాజు పిడికిలి విప్పితే నిజంగానే మిడత ఉంటుంది. కథ నవ్వుకోవడానికే గాని, ఇందులో ఒక సంగతి గమనించదగినది. ఇక్కడి మిడత ఉపద్రవం కాదు, రాజుగారు కూడా దారిలో సరదాగా పిడికిట పట్టగల గడ్డి పురుగు. జానపదుని మిడత, ఈతిబాధల మిడత ఒకటి కావని ఈ కథ తెలియకుండానే చెబుతోంది.

కీచురాయి విషయం మరింత చిక్కు. రాత్రివేళ ఇంటి మూలల్లో, పొలం గట్ల మీద కీచుమనే పురుగును కీచురాయి అని, ఇలకోడి అని అంటారు. ఇలకోడి అందమైన మాట. నేలకు చెందిన కోడి, చీకటిలో కూసే కోడి. అయితే వేసవి పగళ్లలో చెట్ల మీద చెవులు దిబ్బళ్లు పడేలా మోగే సికాడాను కూడా చాలామంది కీచురాయే అంటారు. సికాడా ఋజుపక్ష క్రమానికి చెందదు. అది నల్లులు, పచ్చదోమలు ఉన్న హెమిప్టెరా క్రమంలోనిది. చిమ్మట కొందరికి బట్టలు కొరికే పురుగు, కొందరికి రాత్రి అరిచే పురుగు. గొల్లభామ అన్న పేరును ముందుకాళ్లు ముడుచుకొని కూర్చునే మాంటిస్‌కు కొందరు, పొడవాటి పచ్చ మిడతకు కొందరు వాడతారు. ఈ చివరి గందరగోళానికి శాస్త్రమే కొంత కారణం. మాంటిస్‌ను, బొద్దింకను, పుల్లపురుగును ఒకప్పుడు పాఠ్యగ్రంథాల్లో ఆర్థాప్టెరాలోనే చేర్చేవారు. ఇప్పుడు అవి వేరు క్రమాలు. పాత పుస్తకాలతో పాఠం చెప్పే అధ్యాపకులు దీనిని గమనించాలి.

అనువాదకులకు మరొక హెచ్చరిక. ఆంగ్ల రచనల్లో 'హాపర్' అన్న మాట మిడత సాహిత్యంలో వస్తే రెక్కలు రాని పిల్లమిడత, వరి సాహిత్యంలో వస్తే సుడిదోమ లేదా పచ్చదోమ. డెల్టా వరికి నిజంగా పెద్ద శత్రువు ఈ రెండవదే. ఒకదానికి బదులు మరొకటి రాస్తే సలహా మొత్తం తలకిందులవుతుంది.

3. క్రమ లక్షణాలు

ప్రపంచంలో ఇంతవరకు వర్ణించిన ఋజుపక్ష కీటకజాతులు 29 వేలకు పైగా ఉన్నాయి. ఎగరడానికి దూకడానికి అనువుగా బలిసిన వెనుక తొడలు, నమిలే నోరు, తోలులా బిరుసైన ముందు రెక్కలు, వాటి కింద విసనకర్రలా మడిచిన వెనుక రెక్కలు వీటి సాధారణ లక్షణాలు. గొంగళిపురుగు ప్యూపాగా మారి సీతాకోకచిలుక అయినట్లు వీటిలో జరగదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల తల్లి పోలికతోనే ఉండి, కుబుసం విడిచినప్పుడల్లా పెరిగి, చివరికి రెక్కలు తెచ్చుకుంటుంది.

ఈ క్రమం రెండు ఉపక్రమాలుగా చీలుతుంది. పొట్టి మీసాలవి సీలిఫెరా. గడ్డి మిడతలు, దండుమిడతలు ఇందులోవి. ఒంటి పొడవుకు మించిన సన్నని మీసాలవి ఎన్సిఫెరా. కీచురాళ్లు, పొడుగుమీసాల పచ్చ మిడతలు ఇందులోవి. పొలంలో నిలబడి చూసేవారికి ఈ ఒక్క గుర్తు చాలు. పొట్టి మీసాలవి దాదాపు అన్నీ ఆకుతిండివి. పొడుగు మీసాలవాటిలో ఆకు తినేవి, ఇతర కీటకాలను తినేవి, రెండూ తినేవి ఉన్నాయి.

వీటి చెవులు తలమీద ఉండవు. కీచురాయికి ముందుకాలి మీద, మోకాలికి కాస్త దిగువన ఉంటుంది; మిడతకు పొట్ట మొదటి కణుపు పక్కన. కీచురాయి పాట నోటితో పాడేది కాదు. మగపురుగు ఒక ముందు రెక్క మీది గరుకు గీతను మరో రెక్క అంచుతో గీరుతుంది. మిడత అయితే వెనుక కాలిని రెక్కకు రాస్తుంది. ఇందులో అన్నింటికంటె విచిత్రమైనది నేలను తవ్వే కీచురాయి. అది తన బొరియ నోటిని రెండు బాకాల ఆకారంలో మలచి, ఆ గొట్టంలో కూర్చొని పాడుతుంది. ఐరోపా జాతుల్లో ఈ బొరియ శబ్దాన్ని ఎలా పెంచుతుందో బెనెట్-క్లార్క్ 1970లో కొలిచి చూపాడు.

4. దండు, డెల్టా

దండుమిడత వేరే జాతి కాదని, కొన్ని మిడతలకు ఒంటరి బతుకు, గుంపు బతుకు అని రెండు అవస్థలు ఉంటాయని బోరిస్ ఉవరోవ్ 1921లో ప్రతిపాదించాడు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి తప్పించుకు తిరిగే పిల్లమిడతలు, ఆహారం ఒకేచోట మిగిలి కిక్కిరిసినప్పుడు వెనుక కాళ్లు పదేపదే తగిలి గుంపు స్వభావం తెచ్చుకుంటాయి. ఆ మార్పు వెనుక సెరటోనిన్ అనే నాడీ రసాయనం ఉందని 2009లో వెల్లడైంది. చదరపు కిలోమీటరు దండులో నాలుగు నుంచి ఎనిమిది కోట్ల మిడతలు ఉండవచ్చని, అవి ఒక్క రోజులో 35 వేల మంది తినేంత తింటాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. భారతదేశంలో ఈ దండ్లను కనిపెట్టడానికి 1939లో మిడతల హెచ్చరిక సంస్థ ఏర్పడింది. దాని దృష్టి ఎప్పుడూ రాజస్థాన్, గుజరాత్ ఎడారుల మీదనే.

ఎడారి మిడత గుడ్లు పెట్టడానికి గడ్డి లేని ఇసుకనేల, అడుగున కొంచెం చెమ్మ కావాలి. ఆనకట్ట నీటితో నెలల తరబడి నిండి ఉండే డెల్టా బంకమట్టి దానికి పనికిరాదు. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన తరువాత ఈ నేలకు నీటి క్రమం ఒకటి ఏర్పడింది. జూన్‌లో కాలువలకు నీరు వదలడం, ఆకుమళ్లు, ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోత, వెంటనే దాళ్వా, వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టివేయడం. ఎగిరి వచ్చిన దండు ఒకటి రెండు రోజులు పైరు మీద వాలవచ్చు గాని, ఇక్కడ కాపురం పెట్టి సంతానం పెంచుకోలేదు.

దక్షిణాపథానికి దండుమిడతలే లేవని దీని అర్థం కాదు. పశ్చిమ భారతాన్ని పీడించిన బొంబాయి మిడత మీద 1903–04లో పరిశోధన జరిపి, మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1906లో గ్రంథం ప్రచురించాడు. దక్కను మెట్టభూముల్లో జొన్నను తినే రెక్కలు లేని మిడత ఒకటుంది. దానిని మైసూరులో పరిశోధించిన లెస్లీ కోల్మన్ పేరిట కోల్మానియా అన్నారు. ఇవి మెట్ట సీమల కథలు. డెల్టా కథ ఆకాశం నుంచి కాదు, గట్టు నుంచి మొదలవుతుంది.

5. గట్టు: వరి మిడత ఏడాది

డెల్టా వరిలో ముఖ్యమైన మిడత హైరోగ్లిఫస్ బనియన్. పెద్దది, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, మెడ మీద అడ్డంగా నల్లని గీతలు. ఆ గీతలు ప్రాచీన ఈజిప్టు చిత్రలిపిని తలపించడం వల్లనే ఆ పేరు. కోల్మన్ తన సహచరుడు కున్హి కన్నన్‌తో కలిసి 1911లో మైసూరు వ్యవసాయశాఖ ద్వారా ఈ మిడత జీవితచరిత్రను ప్రచురించాడు. తరువాతి దక్షిణ భారత కీటకశాస్త్ర గ్రంథాలు, 1940లో వచ్చిన టి.వి. రామకృష్ణ అయ్యర్ గ్రంథంతో సహా, వరి మిడతకు ప్రత్యేక స్థానం ఇచ్చాయి.

దీనికి ఏడాదికి ఒకే తరం. సార్వా పైరు పొట్ట మీద, ఈనిక మీద ఉన్నప్పుడు పెద్ద మిడతలు కనిపిస్తాయి. ఆకుల అంచులు కొరకడం అంత నష్టం కాదు. లేత కంకి కాడను కొరికితే మాత్రం ఆ కంకి పోయినట్లే. వర్షాలు వెనకబడుతున్న కాలంలో ఆడమిడత పొట్ట చివరను నేలలోకి చొప్పించి, కొద్ది అంగుళాల లోతున గుడ్లను కుప్పగా పెట్టి, వాటి చుట్టూ నురగ కక్కుతుంది. నురగ గట్టిపడి తిత్తిలా అవుతుంది. నీరు నిలిచిన మడిలో గుడ్లు బతకవు కనుక ఆమె ఎంచుకొనే చోటు గట్టే. ఆ తిత్తి శీతాకాలం, వేసవి దాటి, తొలకరి తడి తగిలేవరకు నిద్రపోతుంది. దాళ్వా పంట పక్కనే పండి, కోసి, కుప్ప నూర్చినా దానికి పట్టదు.

జూన్, జులైల్లో గుడ్లు చిట్లుతాయి. సన్నని పిల్లమిడతలు మొదట గట్టు మీది గడ్డినే తింటాయి. రెక్కలు లేవు కనుక దూరం పోలేవు. కొద్ది వారాల తరువాత పక్క మడిలోకి దిగుతాయి. ఈ కొద్ది వారాలే వరి మిడత జీవితంలో అన్నింటికంటె బలహీనమైన కాలం. అది గడిచేది గట్టు మీదనే. పురుగుమందులు లేని రోజుల్లో గట్లు చెక్కడం వల్ల కలిగిన మేలు ఇక్కడ అర్థమవుతుంది. కోత అయ్యాక, లేదా దమ్ముకు ముందు, పారతో గట్టు పక్కలు చెక్కి, గడ్డితో సహా ఆ మట్టిని మడిలో వేసి, కొత్త మట్టితో గట్టును మెత్తి బాగుచేసేవారు. రైతు దృష్టిలో అది ఎలుక బొరియలు పూడ్చడం, నీరు పోకుండా చూడడం, గడ్డి తీయడం. కీటకశాస్త్రజ్ఞుని దృష్టిలో అది గుడ్లతిత్తులను ఎండకు, కొంగలకు, గోరువంకలకు అప్పగించడం. ఉభయులూ ఒకే పని చేశారు, కారణాలు వేరు.

గట్టులో మిడతకు శత్రువులూ ఉన్నాయి. సీలియో అనే అతి చిన్న కందిరీగ మిడత గుడ్లలోనే తన గుడ్లు పెడుతుంది. కంది, బెండ పూలను తినే పొక్కుల పురుగు పిల్లలు మిడత గుడ్లతిత్తులు తిని పెరుగుతాయి. అంటే పూలు తిని విసిగించే ఆ పురుగు నేల అడుగున రైతుకు కూలి లేని పనిమనిషి. తేమ ఎక్కువైన రోజుల్లో ఒక శిలీంధ్రం సోకిన మిడతలు మొక్క కొసకు ఎక్కి, దాన్ని కావలించుకొని చనిపోతాయి. అటువంటి మిడత కనిపిస్తే ఆ పొలంలో రోగం పనిచేస్తోందని గుర్తు.

వరిలో మరో చిన్న మిడత ఓక్సియా. పచ్చగా, కంటి వెనుక నుంచి గోధుమరంగు పట్టీతో ఉంటుంది. నీటికి బెదరదు, ఈదగలదు. గుడ్ల కోసం గట్టునే నమ్ముకోదు. నీటి దగ్గరి మొక్కల ఆకుల మధ్య కూడా నురగతిత్తి పెట్టగలదు. ఏడాదికి ఒకే తరమన్న నియమమూ లేదు. నీరు, పచ్చదనం ఉన్నంతవరకు సాగుతుంది. కాలువనీటితో రెండు పంటలు పండే నేలలో హైరోగ్లిఫస్ సార్వాకు అతిథి, ఓక్సియా రెండు పంటలకూ కాపురస్థురాలు అని చెప్పవచ్చు. గట్టు చెక్కడం మొదటిదానికి దెబ్బ, రెండవదానికి అంతగా కాదు. ఒకే 'మిడత' పేరుతో ఒకే సలహా ఇవ్వడం ఎందుకు కుదరదో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

6. నేలలోనివి, లంకలలోనివి

నేలను తవ్వే కీచురాయికి ముందుకాళ్లు పారల్లా వెడల్పుగా ఉంటాయి. నీరు లేని ఆకుమడిలో, మెట్టనారులో వేర్లు కొరుకుతుంది. మడికి నీరు కట్టగానే గట్టు మీదికి చేరుతుంది. అక్కడ దాని సొరంగాలు గట్టును గుల్ల చేస్తాయి. మడిలో నీరు కారణం తెలియకుండా తగ్గిపోతుంటే, ఎండ్రకాయ బొరియలతో పాటు దీని బొరియలనూ వెదకాలి. దీనికి నీరే మందు. నీరు నిలిపిన మడిలో ఇది నిలవదు.

గోదావరి లంకల పొగాకు సంగతి వేరు. 1947లో రాజమహేంద్రవరంలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. ఆ పంటకు నారుమడే ప్రాణం కనుక, నారును కత్తిరించే పురుగులకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ. మొద్దుతల కీచురాయి రాత్రి బయటికి వచ్చి లేత మొక్కను మొదట్లో కత్తిరించి తన బొరియలోకి లాక్కుపోతుంది. మట్టిరంగులో నేలకు అంటుకొని ఉండే క్రోటోగోనస్ మిడత మొలకలను కొరుకుతుంది. కోణం తిరిగిన తల గల పచ్చని అట్రాక్టోమోర్ఫాకు పొగాకు మిడత అన్న పేరే స్థిరపడింది. వరి గట్టు మీద బోధపడిన పాఠం ఇసుక కలిసిన లంకనేలలో సరిపోదు.

7. గుడ్లు తినే కీచురాయి

ఇక ఈ వ్యాసంలో అన్నింటికంటె ముఖ్యమని నేను భావించే సంగతి. వరి పొలంలో ఉండే ఋజుపక్ష కీటకాలన్నీ వరిని తినవు. ఫిలిప్పీన్స్‌లోని పరిశోధనలు మెటియోకే, అనాక్సిఫా అనే చిన్న కీచురాళ్లు ఆకుముడత పురుగు గుడ్లను, ఇతర పురుగుల గుడ్లను ఏరి తింటాయని నిరూపించాయి. మెటియోకే మన దేశపు వరిపొలాల్లోనూ ఉంది. అరచేతిలో గింజంత ఉండే ఈ పురుగు రాత్రి ఆకు మీద నడుస్తూ గుడ్లు వెదుకుతుంది. పొడుగుమీసాల పచ్చ మిడత కోనోసెఫాలస్ కాండం తొలుచు పురుగు గుడ్ల సముదాయాలను తింటుంది. కాండం తొలుచు పురుగు తన గుడ్లమీద కప్పే నూగు చాలా శత్రువులకు అడ్డం గాని, దీని దవడలకు కాదు. కోనోసెఫాలస్ పూర్తి సాధువేమీ కాదు. ఆకులనూ, పూతనూ కొంత కొరుకుతుంది. మంచి, చెడు బేరీజు వేస్తే మేలువైపే మొగ్గు.

రైతు దుర్బిణీతో పొలానికి పోడు. ఆకు మీద అంచు కొరికిన గుర్తు చూస్తాడు, పక్కన మిడత ఎగురుతుంది, అనుమానం రూఢి అవుతుంది. ఊడ్చిన తొలి వారాల్లో ఆకు కొంత పోయినా వరి కొత్త పిలకలతో, ఆకులతో పూడ్చుకుంటుంది. ఆ దశలో మిడత కోసం కొట్టిన మందు కీచురాళ్లను, సాలీళ్లను, సుడిదోమ గుడ్లు పీల్చే నల్లులను చంపుతుంది. సుడిదోమ గుడ్లు మాత్రం ఆకుతొడిమ లోపల భద్రం. శత్రువులు లేని మడిలో అవి పొదిగి, పైరు గుండ్రంగా ఎండిపోతుంది. డెల్టా రైతుకు ఈ దోమపోటు కొత్త కాదు. వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోని లాంగ్ ఆన్ రాష్ట్రంలో 1994లో, నాటిన 40 రోజుల వరకు ఆకు పురుగులకు మందు కొట్టవద్దని ప్రచారం జరిపారు. ఆ ప్రచారంతో మందు వాడకం తగ్గింది, దిగుబడి తగ్గలేదు. అదీ మన డెల్టా లాంటి కాలువల, రెండు పంటల నేలే.

పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో 1925 నుంచి వరి పరిశోధన జరుగుతోంది. స్వర్ణ, విజేత, కాటన్ దొర సన్నాలు అక్కడి వంగడాలు. ఆ కేంద్రం సుడిదోమను తట్టుకొనే రకాల మీద చేసిన కృషి సుప్రసిద్ధం. పైరు రకం ఎంత తట్టుకొన్నా, గుడ్లు తినే పురుగు పొలంలో లేకుంటే ఆ తట్టుకొనే శక్తి మీద భారం పెరుగుతుంది. వంగడం గురించి మనం మాట్లాడినంతగా ఆ కీచురాయి గురించి మాట్లాడం. దానికి మన భాషలో పేరు లేకపోవడం కూడా ఒక కారణమే.

8. గట్టు మారుతున్న తీరు

కూలి ఖర్చు పెరగడంతో గట్లు చెక్కడం తగ్గింది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు కూలి ఖర్చూ ఉంది. చెక్కడానికి మనిషి దొరకనిచోట గడ్డిమందు వచ్చింది. పైకి రెండూ ఒకటే, గడ్డి పోతుంది. మిడత వైపు నుంచి చూస్తే రెండూ విరుద్ధాలు. పార గుడ్లతిత్తిని పైకి తీస్తుంది. గడ్డిమందు గుడ్ల జోలికి పోకుండా పై గడ్డిని మాత్రమే ఎండబెడుతుంది. జులైలో పుట్టిన పిల్లమిడతకు గట్టు మీద తిండి లేకపోతే అది ముందుగానే పైరులోకి దిగుతుందని ఊహించవచ్చు. కీచురాయికి పగటి దాపు కూడా ఆ గడ్డే. గట్టు ఎండితే శత్రువు మడిలోకి పోతుంది, మిత్రుడు ఊరు విడిచిపోతాడు. దీనిని డెల్టా మండలాల్లో చెక్కిన గట్లు, మందు కొట్టిన గట్లు పక్కపక్కన పెట్టి లెక్కించి చూడడం ఒక పరిశోధక విద్యార్థికి రెండు సార్వాల పని. ఖర్చు పెద్దగా లేదు. గట్టు మీద నిర్ణీత పొడవులో మట్టి తవ్వి తిత్తులు లెక్కించాలి, జులైలో వల ఊపి పిల్లలను లెక్కించాలి.

భాషాశాస్త్ర విద్యార్థికీ ఇక్కడ పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయానికే కేటాయించబడింది. ఊరూరా తిరిగి రైతు నోటి మాటను సేకరించిన ఆ పద్ధతి ఈ కీటకాల పేర్లకు ఇప్పుడు మరింత అవసరం. పుస్తకం ముందు పెట్టి 'దీనిని ఏమంటారు' అని అడిగితే మిడత, కీచురాయి అన్న రెండు మాటలే వస్తాయి. మీసం పొడవు చూపి, రెక్క రంగు చూపి, రాత్రి గట్టు మీద వినిపించే పాటను వినిపించి అడగాలి. కాలం కూడా చూసుకోవాలి. పెద్ద మిడత పేరు ఆశ్వయుజంలో పైరులో దొరుకుతుంది, పిల్లమిడత పేరు ఆషాఢంలో గట్టు మీద. గుడ్లతిత్తికి పేరంటూ ఉంటే అది పుస్తకాల్లో దొరకదు. సార్వా కోత అయ్యాక గట్టు చెక్కే చోటికి పోయి, పార పట్టుకొన్న పెద్దవారిని అడగాలి. అటువంటి వారు ఇంకా కొందరు ఉన్నారు.